మెలనోమా నాలుగో దశలో, జన్యువు మార్చిన నా సొంత కణాలతో ఫేజ్ 1 ట్రయల్: నా అనుభవం

నాకు 46 ఏళ్ళు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఒంట్లో వేరే చోట్లకు పాకింది, దాన్నే నాలుగో దశ అంటారు. మాది ఖమ్మం, చాలా ఏళ్ళుగా డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాం. 2025 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో, కొత్త చికిత్సను మనుషుల మీద తొలిదశలో పరీక్షించే ఒక ఫేజ్ 1 ట్రయల్‌లో, నా గడ్డలోంచే తీసి ల్యాబ్‌లో జన్యువు మార్చి పెంచిన రోగనిరోధక కణాలను నాకు ఎక్కించారు. ట్రయల్‌లో చేరేముందు రాత్రుళ్ళు కూర్చుని వెతికితే డాక్టర్ల వ్యాసాలు బోలెడు దొరికాయి గానీ, అసలు రోజు ఎలా గడుస్తుంది, ఎన్నాళ్ళు ఆగాలి, జేబులోంచి ఎంత పోతుంది, ఇంట్లో వాళ్ళు ఏం సిద్ధం చేసుకోవాలి అన్నది మన భాషలో చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు. అందుకే గుర్తున్నంతవరకూ వరసగా రాస్తున్నాను.

జబ్బు సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 2022లో కుడి మడమ మీద నల్లమచ్చ, బయాప్సీలో ఏక్రల్ మెలనోమా అని వచ్చింది. ఎండతో సంబంధం లేకుండా అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద వచ్చే రకం, మన రంగువాళ్ళకు మెలనోమా వస్తే ఎక్కువగా ఈ చోట్లే వస్తుంది. ఆపరేషన్ చేసి తొడ చర్మం తీసి మడమకు అతికారు, ఏడాది పాటు పెంబ్రోలిజుమాబ్ అనే, రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురికొల్పే మందు ఇచ్చారు. 2024 మార్చిలో గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. అప్పుడు అదే కోవ మందులు ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఇచ్చారు, మూడో డోసు తర్వాత ఆగని విరేచనాలు, ఆసుపత్రిలో పడక, ఆ పైన నెలల తరబడి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్. నవంబర్ రెండో వారం స్కాన్‌లో పొత్తికడుపు లింఫ్ గ్రంథులూ పెరిగాయి, ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి. బీరాఫ్ అనే జన్యువులో మార్పు నా గడ్డలో లేదు కాబట్టి దానికి వాడే మాత్రలు నాకు పనికిరావు.

డాలస్‌లో మా డాక్టర్‌గారు ఆ రోజు తొందరపడకుండా కూర్చుని మాట్లాడారు. 2024 ఫిబ్రవరిలో మెలనోమాకు లైఫిల్యూసెల్ అనే కణ చికిత్సకు ఇక్కడ అనుమతి వచ్చింది. గడ్డలోకి చొరబడిన మన కణాలనే తీసి, పెంచి, తిరిగి ఇస్తారు. అనుమతి వచ్చినప్పుడు దాని ప్రకటిత ధర 5,15,000 డాలర్లు. కానీ దాంతో పాటు, ఎక్కించిన కణాలు ఒంట్లో పెరిగేందుకు ఐఎల్-2 అనే మందు చాలా పెద్ద డోసులో ఇవ్వాలి, బీపీ పడిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, గుండె గట్టిగా ఉండాలి. ఆరు నెలలుగా స్టెరాయిడ్ల మీద ఉండి బరువు తగ్గిన నా ఒళ్ళు ఐఎల్-2ను ఎంతవరకు తట్టుకుంటుందో అని ఆవిడకు అనుమానం. ముందు ట్రయల్స్ చూద్దాం, ఇది చేతిలో ఉంచుకుందాం అన్నారు.

మొదట చూసింది వేరే ట్రయల్. అందులో రక్తంలోంచి కణాలు తీసి, ప్రేమ్ అనే క్యాన్సర్ ప్రొటీన్‌ను గుర్తుపట్టే గ్రాహకాన్ని వాటికి అమర్చి తిరిగి ఎక్కిస్తారు. దానికి మన హెచ్‌ఎల్‌ఏ రకం సరిపోవాలి, అంటే కణాల మీద ఉండే గుర్తింపు చీటీ లాంటి ప్రొటీన్ ఒక ప్రత్యేకమైన రకం అయ్యుండాలి. డిసెంబర్ మొదటి వారంలో రక్తం ఇచ్చాను. పది రోజులకు ఫోన్ వచ్చింది, ఏ-2 పాజిటివ్ అని. ఆ రోజు మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు స్వీట్లు పట్టుకొచ్చారు. తర్వాతి వారం పూర్తి రిపోర్టు వచ్చింది. ఏ-2లోనే ఉపరకాలు ఉంటాయట, నాది 02:11, ట్రయల్‌కు కావాల్సింది 02:01. చివరి రెండంకెలు తేడా. అంతే, తలుపు మూసుకుపోయింది.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మనవాళ్ళకు మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. యూరప్ మూలాల వాళ్ళలో 02:01 దాదాపు సగం మందికి దగ్గరగా ఉంటుంది, అందుకే ఇలాంటి ట్రయల్స్ చాలావరకు దాని చుట్టూ కట్టారు. భారతీయుల్లో ఏ-2 కుటుంబం ఉన్నా అందులో 02:11 రకం ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే మొదటిరోజే పూర్తి స్థాయి టైపింగ్ అడగండి, నాలుగంకెలూ వచ్చేదాకా ఆశ పెట్టుకోకండి. నాకు ఆ వారం రోజుల సంతోషం పోయినందుకు వచ్చిన ఏడుపు, స్కాన్ రిపోర్టు చూసినప్పుడు కూడా రాలేదు. పదో తరగతిలో ఉన్న మా అమ్మాయి ముందు మొహం మామూలుగా పెట్టుకోవడం ఇంకో కష్టం.

క్రిస్మస్ సెలవుల్లో ఎవరూ ఫోన్లు ఎత్తరు, ఆ రెండు వారాలు ఊరికే పోయాయి. జనవరి 8న హ్యూస్టన్ నుంచి కాల్ వచ్చింది. అక్కడి ట్రయల్‌కు హెచ్‌ఎల్‌ఏ రకంతో పనిలేదు. గడ్డను ఆపరేషన్ చేసి తీసి, అందులోని నా కణాలకు ఒక జన్యువు చేర్చి పెంచుతారు. ఆ జన్యువు వల్ల కణం తన పైపొర మీద తనే ఐఎల్-15 అనే పోషక సంకేతాన్ని తయారు చేసుకుంటుంది, కాబట్టి బయటినుంచి ఐఎల్-2 ఇవ్వక్కర్లేదు. ఇందులో నన్ను ఆకట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది. ఆ ఐఎల్-15 ఊరికే పనిచేయదు, అసిటజోలమైడ్ మాత్ర వేసుకుంటేనే నిలబడుతుంది, మాత్ర ఆపితే ఆ ప్రొటీన్ కణంలోనే విరిగిపోతుంది. గ్లకోమా అనే కంటి జబ్బుకు, కొండలెక్కేవాళ్ళకు తలతిరగకుండా ఇచ్చే పాత మందు అది. గ్యాస్ పొయ్యికి నాబ్ ఉన్నట్టు, కణాలు మరీ చెలరేగితే మాత్ర ఆపి తగ్గించవచ్చన్నమాట. కోఆర్డినేటర్ ఫోన్‌లో అడిగిన తొలి ప్రశ్నల్లో ఒకటి, సల్ఫా మందులు పడవా అని. ఆ మాత్ర సల్ఫా జాతిదట, ఎలర్జీ ఉంటే అక్కడికక్కడే ఆగిపోతుంది. నాకు లేదు.

జనవరి మూడో వారంలో మొదటిసారి హ్యూస్టన్ వెళ్ళాం. ఇంటినుంచి ఐ-45 మీద నాలుగు గంటలు. అంగీకార పత్రం 34 పేజీలు. అక్కడి డాక్టర్‌గారు రెండు గంటలు కూర్చుని ప్రతి పేజీ చెప్పారు, ఒక వాక్యం దగ్గర ఆగి నా మొహం చూశారు: ఈ అధ్యయనం వల్ల మీకు వ్యక్తిగతంగా మేలు జరగకపోవచ్చు. ఫేజ్ 1 అంటే ప్రధానంగా ఎంత డోసు భద్రమో చూడటానికి. మా ఆయన అడిగారు, మరి ఇంతకుముందు వాళ్ళకు ఎలా ఉంది అని. డాక్టర్‌గారు దాటవేయలేదు, కొందరికి గడ్డలు తగ్గాయి, కొందరికి తగ్గలేదు, చాలా తక్కువమంది కాబట్టి శాతాలు చెప్పడం న్యాయం కాదు అన్నారు. ఆ జవాబుకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఇంటికొచ్చాక చదివాను. ఇలా జన్యువు మార్చిన కణాలతో మెలనోమా తగ్గినట్టు మొదట చూపించింది 2006లో, బెథెస్డాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం. ఆ మొదటి గుంపులో ఇద్దరికే గడ్డలు తగ్గాయి. మిగతావాళ్ళు కూడా నాలాగే సంతకాలు పెట్టి ఉంటారు కదా, వాళ్ళ ఇళ్ళల్లో ఏం మాట్లాడుకుని ఉంటారు అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. వాళ్ళు ఒప్పుకోకపోతే నాకు ఈ గది, ఈ పత్రం ఉండేవి కావు. మర్నాడు ఉదయం సంతకం చేసి పంపాను.

సంతకం అయ్యింది కదా అని వెంటనే మొదలుపెట్టరు. స్క్రీనింగ్‌కే మూడు వారాలు పట్టింది. మెదడు ఎంఆర్ఐ, ఎకో, ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష, హెపటైటిస్, హెచ్‌ఐవీ, టీబీ పరీక్షలు. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా వల్ల టీబీ చర్మ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చని ముందే చెప్పి రక్తపరీక్షే చేయించుకున్నాను, అది గుర్తుపెట్టుకోండి. ప్రెడ్నిసోన్ దాదాపు పూర్తిగా మానేసి కొన్ని వారాలు గడవాలన్నారు. డోసు తగ్గించిన ప్రతిసారీ విరేచనాలు మళ్ళీ మొదలవుతాయేమోనని టెన్షన్.

వీటన్నిటినీ మించి, వంతు. ఫేజ్ 1లో ఒకరికి ఎక్కించాక కొన్ని వారాలు చూసి, పెద్ద ఇబ్బంది లేదంటేనే తర్వాతివాళ్ళకు ఇస్తారు. నా ముందు ఒకరు ఉన్నారని మాత్రమే చెప్పారు. మగో ఆడో, ఏ ఊరో తెలియదు. రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టినప్పుడు నాకోసం, ఆ తెలియని మనిషికోసం కలిపి మొక్కుకున్నాను. ఆయన కోలుకుంటేనో, ఆవిడ కోలుకుంటేనో నా వంతు. ఇలాంటి బంధం ఒకటి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

డబ్బు విషయం ఇక్కడే చెప్పేస్తాను. కణాల తయారీ, ట్రయల్ కోసం ప్రత్యేకంగా చేసే పరీక్షలు ట్రయల్ నడిపే కంపెనీ భరిస్తుంది. ఆసుపత్రి గది, కీమో, మామూలు స్కాన్లు, యాంటీబయాటిక్స్ లాంటివి బీమా ఇవ్వాలి, 2014 నుంచి అమల్లో ఉన్న ఆరోగ్య చట్టం ప్రకారం ట్రయల్‌లో ఉన్నారని చెప్పి ఆ మామూలు ఖర్చులు చాలా ప్లాన్లు నిరాకరించకూడదు. అయినా మా బీమా కంపెనీ మొదట ప్రయోగాత్మక చికిత్స అని కాగితం పంపింది. ఆసుపత్రిలో బీమా విభాగంలో ఒకావిడ చట్టం సంఖ్యతో సహా ఉత్తరం రాశారు, మా డాక్టర్‌గారు వాళ్ళ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడారు, పన్నెండు రోజులకు ఒప్పుకున్నారు. ఆ పన్నెండు రోజులూ ఆపరేషన్ తేదీ గాల్లో ఉంది. డిసెంబర్‌లో, ఏడాదికి మా వంతుగా కట్టాల్సిన ఖర్చు పరిమితి దాటేసి ఊపిరి పీల్చుకున్నాం, జనవరి 1న లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలు, కాబట్టి ఈ ఏడాదికి మా చేతినుంచి 7,500 డాలర్లు. ఆసుపత్రి పక్కన వంటగది ఉన్న అద్దె ఇల్లు రెండు నెలలకు 5,200. పార్కింగ్ రోజుకు 15. ప్రయాణం, బస ఖర్చుల్లో కొంత కంపెనీ వెనక్కి ఇచ్చింది గానీ ప్రతి రసీదూ అప్‌లోడ్ చేయాలి, డబ్బు పడేసరికి ఆరేడు వారాలు. అసలు దెబ్బ జీతం. చూసుకునే మనిషి ఇరవై నాలుగ్గంటలూ పక్కన ఉండాలన్నది ట్రయల్ నియమం. మా ఆయనకు చట్టం ప్రకారం 12 వారాల సెలవు దొరికింది, కానీ జీతం లేకుండా. బీమా ఆయన ఉద్యోగం మీదే ఉంది కాబట్టి ఆ ఉద్యోగం పోకుండా చూసుకోవడం కూడా నా వైద్యంలో భాగమే అయింది.

అందుకే అక్కను రమ్మన్నాం. హైదరాబాద్ కాన్సులేట్‌లో విజిటర్ వీసా మామూలు తేదీలు నెలల తర్వాత ఉన్నాయి. ఆసుపత్రి లెటర్ పెట్టి అత్యవసర అపాయింట్‌మెంట్‌కు అర్జీ పెట్టాం. లెటర్‌లో రోగి పేరు, చికిత్స తేదీ, తోడు ఎందుకు అవసరం, ఎన్నాళ్ళు ఉండాలి అన్నీ స్పష్టంగా రాయించుకోండి. మార్చిలో వీసా వచ్చింది.

ఫిబ్రవరి 11న గజ్జల్లోని బిళ్ళ తీశారు. ఆపరేషన్ గంటన్నర, మర్నాడే ఇంటికి పంపారు. తీసిన గడ్డ ఆపరేషన్ థియేటర్ నుంచే ప్రత్యేక పెట్టెలో ల్యాబ్‌కు వెళ్ళిపోయింది. నేను అనుకోనిది ఏమిటంటే కాలు వాపు. గ్రంథులు తీశాక కుడికాలు తొడదాకా ఉబ్బింది, ఇప్పటికీ రోజూ బిగుతు మేజోడు వేసుకోవాలి, ఇవి జత 90 డాలర్లు, ఆర్నెల్లకు సాగిపోతాయి.

ఆ తర్వాత అన్నిటికంటే పొడవైన కాలం. కణాలు పెరుగుతాయో లేదో ఎవరూ ముందు చెప్పలేరు. కొందరి గడ్డల్లోంచి సరిపడా రావు, కొన్నిసార్లు సూక్ష్మజీవుల పరీక్షలో ఫెయిల్ అయి మొత్తం పారేయాల్సి వస్తుంది, అదీ పత్రంలో ఉంది. ప్రతి శుక్రవారం కోఆర్డినేటర్ ఫోన్ చేసేది. "ఇంకా పెరుగుతున్నాయమ్మా" అన్నట్టు చెప్పి పెట్టేసేది, అంతకుమించి ఆమెకూ తెలియదు. ఈలోపు నా దగ్గు పెరిగింది. మెట్లెక్కితే ఆయాసం. గడ్డలు ఒకవైపు, కణాలు ఒకవైపు పెరుగుతున్నాయి, ఏవి ముందు గెలుస్తాయో తెలియదు. ఉగాది మార్చి 30న వచ్చింది. పచ్చడి చేశాను గానీ ఆ రోజు ఎవరితోనూ ఫోన్ మాట్లాడలేకపోయాను, కొత్త సంవత్సరం ఎలా ఉండాలని ఎవరు దీవించినా ఏడుపొచ్చేట్టుంది.

ఏప్రిల్ 4, శుక్రవారం, ఫోన్ మామూలు సమయానికి కాక పొద్దున్నే మోగింది. కణాలు సిద్ధం, పరీక్షలన్నీ పాసయ్యాయి, నా ముందున్న వ్యక్తిని గమనించే గడువు కూడా పూర్తయింది, 14న చేరండి అంది. ఆపరేషన్ నుంచి లెక్కేస్తే ఏడు వారాలు దాటింది. వంతు ఆలస్యం లేకపోతే ఐదారు వారాల్లో అయ్యేదట. ఏప్రిల్ 9న అక్క వచ్చింది, శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళి తెచ్చిన తలంబ్రాలతో. వార్డులోకి పచ్చి బియ్యం తీసుకురావద్దన్నారు, మూసిన డబ్బాలో మా అద్దె ఇంట్లోనే పెట్టాం.

చేరిన రోజు ఛాతీ పైన పెద్ద నరానికి గొట్టం పెట్టారు. తర్వాత కొత్త కణాలకు చోటు చేయడానికి, ఉన్న రోగనిరోధక కణాలను చంపే కీమో, సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లుడారబిన్. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయాన్ని దెబ్బతీయకుండా సెలైన్ ఆపకుండా పెడతారు, రాత్రంతా రెండు గంటలకోసారి లేపి బాత్రూమ్‌కు పంపుతారు, వాపు కాలుతో అది పెద్ద పని. వాంతులకు మందులు బాగా పనిచేశాయి. నోటికి ఏదీ సహించలేదు, అది మాత్రం తప్పలేదు.

తిండి దగ్గర అక్కకు, డైటీషియన్‌కు పెద్ద చర్చ నడిచింది. ఇంట్లో తోడేసిన పెరుగు వద్దు, ఊరగాయలు వద్దు, పచ్చి కొత్తిమీర వద్దు, తొక్క తీయలేని పండ్లు వద్దు, పసుపు మాత్రలు, తులసి కషాయం, ఆయుర్వేద పొడులు ఏవీ వద్దు. పెరుగన్నం లేకుండా రోజు ఎలా ముగుస్తుంది చెప్పండి. అక్క మెత్తగా వండిన వేడి పప్పన్నం, ఇడ్లీ, కారం లేని చారు అప్పటికప్పుడు చేసి తెచ్చేది. వండిన రెండు గంటల్లోపు తినాలి, మళ్ళీ వేడి చేసి తినడం కుదరదు. ఇది చదివి ఎవరైనా వెళ్తుంటే వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి, హోటల్ గది చవక అని చూడకండి.

ఏప్రిల్ 22, మంగళవారం. నేను పెద్ద హడావుడి ఉంటుందనుకున్నాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక గడ్డకట్టిన బ్యాగు పొగలు కక్కే పెట్టెలో వచ్చింది. ఇద్దరు నర్సులు నా పేరు, పుట్టినరోజు, బ్యాగు మీది అంకెలు ఒకరు చదివితే ఒకరు సరిచూశారు. నీళ్ళ తొట్టెలో కరిగించి తగిలించారు. వందల కోట్ల కణాలట, అరచేతిలో పట్టేంత బ్యాగు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. గొంతులో ఒక వింత రుచి, గదంతా వెల్లుల్లి కుళ్ళినట్టు వాసన, అది కణాలు గడ్డకట్టేటప్పుడు కలిపే రసాయనం వల్ల, నా ఒంట్లోంచి, ఊపిరిలోంచి రెండు రోజులు వచ్చింది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని బ్యాగు వైపే చూస్తూ ఉన్నారు. ఆ సాయంత్రం మంచం ఊగేంత చలివణుకు వచ్చింది, ఇంజెక్షన్ ఇస్తే పావుగంటలో తగ్గింది. ముందే చెప్పారు కాబట్టి నేను భయపడలేదు, అక్క చాలా భయపడింది. తోడుండేవాళ్ళకు కూడా ఇది ముందే చెప్పి ఉంచాలి.

అసిటజోలమైడ్ మొదలుపెట్టాక వేళ్ళ చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిర్లు. పదే పదే మూత్రం. వికారానికి స్ప్రైట్ తాగితే ఇనుము నాకినట్టుంది, గ్యాస్ ఉన్న ఏ డ్రింకైనా అంతే, ఆ మందు గుణమట. మజ్జిగ లేదు, సోడా లేదు, చివరికి కాచి చల్లార్చిన జీలకర్ర నీళ్ళు కుదిరాయి.

ఆ వారమే తెల్లకణాలు దాదాపు సున్నాకు పడిపోయాయి. 26 రాత్రి 103 జ్వరం. ఎక్కడో ఇన్ఫెక్షన్ అని గట్టి యాంటీబయాటిక్స్ పెట్టారు, సూక్ష్మజీవుల కోసం చేసిన కల్చర్ పరీక్షల్లో ఏమీ దొరకలేదు. ప్లేట్‌లెట్లు, రక్తం ఎక్కించారు. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి: ఫ్లుడారబిన్ వాడినవాళ్ళకు రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి, మామూలు రక్తం ప్రమాదం. ఆ విషయం రాసిన కార్డు ఇచ్చారు, పర్సులో ఎప్పుడూ ఉంటుంది, ఇండియా వెళ్ళినా పట్టుకెళ్ళాలి. జ్వరం నాలుగు రోజులు దిగలేదు. మాత్ర ఆపాలా వద్దా అని డాక్టర్లు తలుపు దగ్గర నిలబడి మాట్లాడుకోవడం వినపడింది, ఒకరోజు ఆపారు, మళ్ళీ ఇచ్చారు. అప్పుడు నాకు తట్టింది, నా వెనక కూడా ఎవరో ఉన్నారు. నా జ్వరం పెద్ద ఇబ్బందిగా లెక్కలోకి వస్తే వాళ్ళ తేదీ జరుగుతుంది, ఇద్దరు ముగ్గురికి ఇలాగే అయితే డోసే తగ్గించేస్తారు. ఏ ఇంట్లోనో ఎవరో శుక్రవారం ఫోన్ కోసం కూర్చుని ఉంటారు. ఆ ఆలోచనతోనే నేను తిననన్న ఇడ్లీ రెండు ముక్కలు తిన్నాను.

రక్తం తీయడం గురించి చెప్పాలి. వైద్యానికి తీసేది వేరు, పరిశోధనకు తీసేది వేరు. కణాలు ఒంట్లో ఎన్ని బతికున్నాయో చూడటానికి కొన్ని రోజుల్లో ట్యూబులు వరసగా పది పన్నెండు. తెల్లవారుజామున అయిదింటికే వస్తారు. ఛాతీలో గొట్టం ఉంది కాబట్టి నొప్పి లేదు. ఒక ఉదయం నర్సు, రిపోర్టు వివరాలు తనకు తెలియవు గానీ మీ లింఫోసైట్లు పైకి లేస్తున్నాయి అని చెప్పి నవ్వింది. నాకు ఎక్కించిన కణాలు ఆ రకం తెల్లకణాలే. జుట్టు ఊడటం ఆ వారమే. అక్క దిండు గలీబు మారుస్తూ ఏమీ మాట్లాడలేదు.

మే 6న డిశ్చార్జి. నెల రోజులు ఆసుపత్రికి అరగంట దూరంలోనే ఉండాలి, ఎనిమిది వారాలు కారు నడపకూడదు, జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా వచ్చేయాలి. మా ఆయన, అమ్మాయి స్కూలు కోసం ఇర్వింగ్ వెళ్ళి శుక్రవారం రాత్రికి వచ్చేవారు, మిగతా రోజులు అక్క. తనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫోన్‌లో ఆసుపత్రి నంబరుకు కాల్ చేసి "ఫీవర్, సెల్ ట్రయల్" అని నా ఐడీ చెప్పడం వందసార్లు బట్టీ పట్టింది. తెలుగు దుబాసీ ఫోన్‌లో దొరుకుతారని నాకు చివర్లో తెలిసింది, అడిగితే ఉచితంగా ఇస్తారు, మొదట్లోనే అడగండి.

నీరసం గురించి ఎవరు ఎంత చెప్పినా తక్కువే. స్నానం చేస్తే అరగంట పడుకోవాలి. మే నెలంతా అలాగే గడిచింది.

ఆరు వారాల స్కాన్ జూన్ 3న. ఊపిరితిత్తుల్లో మచ్చలు కొన్ని చిన్నవయ్యాయి, పొత్తికడుపులోవి అలాగే ఉన్నాయి, మొత్తం కొలత 18 శాతం తగ్గింది. వాళ్ళ లెక్కలో 30 శాతం తగ్గితేనే పాక్షికంగా పనిచేసినట్టు, అంతవరకూ స్థిరంగా ఉన్నట్టే. నాకు మాత్రం నవంబర్ తర్వాత మొదటిసారి తగ్గడం అన్న మాట వినపడింది. దగ్గు అప్పటికే పోయింది. కొన్నాళ్ళకు అసిటజోలమైడ్ ఇంకో విడత ఇంటి దగ్గరే వేసుకున్నాను.

జూన్ చివర్లో ఎడమ కణత మీద, చేతివేళ్ళ మీద తెల్లమచ్చలు మొదలయ్యాయి. చర్మానికి రంగునిచ్చే కణాల్లోనే పుడుతుంది మెలనోమా, దానిమీద దాడిచేసే కణాలు మామూలు రంగుకణాలనూ చంపుతాయి. డాక్టర్‌గారు ఫొటోలు తీసుకుని, ఇది మంచి సూచనే కావచ్చు అన్నారు, ఆయన మొహంలో సంతోషం దాచుకోలేదు. మన ఊళ్ళో ఆ మచ్చలకు ఉన్న అర్థం వేరు. వీడియో కాల్‌లో అత్తయ్య చూసి, బొల్లి ఏమిటే అని కంగారుపడింది, అమ్మాయి పెళ్ళిదాకా వెళ్ళింది మాట. నేను ఓపిగ్గా చెప్పాను, అత్తయ్యా, ఇది అంటేది కాదు, పిల్లకు వచ్చేది కాదు, మందు పనిచేస్తున్న గుర్తు అని. ఆవిడకు నమ్మకం కలగడానికి రెండు మూడు ఆదివారాలు పట్టింది. ఎండలో పొడుగు చేతులు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. మచ్చలు కప్పే క్రీములు వాడమని కొందరు చెప్పారు, నేను వాడటం లేదు, వాటిని చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

జూలై 15 స్కాన్‌లో మొత్తం 34 శాతం తగ్గింది. పాక్షిక స్పందన అని రిపోర్టులో రాసుంది. పొత్తికడుపులో ఒక గ్రంథి మాత్రం కదలలేదు, దాన్ని ఆపరేషన్ చేయాలా, చూస్తూ ఉండాలా అన్నది తర్వాతి స్కాన్ చూసి నిర్ణయిస్తారు. ఇది పోయినట్టు కాదని నాకు తెలుసు, డాక్టర్‌గారు కూడా ఆ మాట దాచలేదు.

జన్యువు మార్చిన కణాలు కాబట్టి 15 ఏళ్ళు నన్ను గమనిస్తూ ఉంటారు, ఏడాదికోసారైనా రక్తం, ఫోన్. రక్తదానం, అవయవదానం ఇక ఎప్పటికీ కుదరదు. చిన్నప్పటి టీకాల్లో కొన్ని మళ్ళీ వేయించుకోవాలి, అవి అక్టోబర్ తర్వాత మొదలవుతాయి. ఆగస్టు 4 నుంచి ఇంటినుంచే రోజుకు నాలుగు గంటలు పనిచేస్తున్నాను. అక్క ఇక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు అక్టోబర్ మొదటి వారం దాకా, తర్వాతి స్కాన్ 7న, టికెట్ అంతకుముందుకే ఉంది. కోఆర్డినేటర్‌కు పోయిన వారం ఫోన్ చేసినప్పుడు నా తర్వాతి వ్యక్తి సంగతి అడిగాను. వివరాలు చెప్పకూడదు, కానీ ట్రయల్ ఆగలేదు, సాగుతోంది అని మాత్రం చెప్పింది.